ఇరవై ఒకటో తూటా

"సంతకం పెట్టను," అన్నాడు మెరిట్ ఓడెగార్డ్. ఆ సోమవారం పొద్దున్నుంచి ఆయన ఆ మాట అనడం నాలుగోసారి.

గ్రాంట్ సీవర్స్ కాగితాన్ని మళ్ళీ ఆయన ముందుకు జరిపి, పెన్నును దాని మీద అడ్డంగా పెట్టాడు. సీవర్స్‌ని రాష్ట్రం వాళ్ళు దర్యాప్తుకని ఆదివారం పంపించారు. నేను నోలా ప్రూయిట్‌ని, వ్యోమింగ్‌లో ఈ చిన్న కౌంటీ షెరీఫ్ ఆఫీసుకున్న ఒకే ఒక్క డిటెక్టివ్‌ని. శనివారం ఈ కేసు నాది. ఆదివారం సాయంత్రానికి ఆయనదైపోయింది. ఎందుకని మా షెరీఫ్‌ని అడిగితే, "ఆ ముసలాయన్ని నువ్వు చిన్నప్పట్నుంచీ ఎరుగుదువు కదా, అందుకే," అన్నాడు. మనిషిని ఎరిగి ఉండటం కూడా ఒక నేరమైపోయిందన్నమాట.

"చూడండి ఓడెగార్డ్ గారూ," సీవర్స్ గొంతులో తేనె కారుతోంది. "ఇందులో మిమ్మల్ని హంతకుడని ఎక్కడా రాయలేదు. ఇంట్లో తూటాలు నింపేటప్పుడు పొరపాటు జరిగింది, దానివల్ల మీ స్నేహితుడు పోయాడు, అంతే. ఒప్పుకుంటే జైలుండదు. జన్మలో మళ్ళీ తుపాకీ ముట్టనని రాసిచ్చి ఇంటికి పోవచ్చు. ఒప్పుకోకపోతే సరిగ్గా మూడింటికి జడ్జిగారి ముందు నిలబెడతాను. డెబ్భై మూడేళ్ళ వయసులో జైలు తిండి తింటారా?"

"తిండి ఎక్కడైనా తింటాను. చెయ్యని పని చేశానని మాత్రం చెప్పను."

"మరి ఎవరు చేసినట్టు?"

"అది కనుక్కోవడానికే కదా నీకు ఉద్యోగమిచ్చింది."

నాకు నవ్వాగలేదు. సీవర్స్ నావైపు కొరకొరా చూశాడు. గోడ గడియారంలో పదకొండూ పది. పది నిమిషాలు నన్ను ఆయనతో మాట్లాడనివ్వమని అడిగాను. ముసలాయన్ని ఒప్పిస్తాననుకున్నాడో ఏమో, లేచి బయటికి వెళ్ళాడు.

జరిగింది ఇది. మెరిట్, హార్లన్ టాన్స్లీ నలభై ఏళ్ళ స్నేహితులు. ఇద్దరివీ ఒకే రకం మాగ్నమ్ రైఫిళ్ళు, ఒకే రోజు ఒకే కొట్లో కొన్నవి. అక్టోబరులో ఎల్క్ దుప్పుల వేట మొదలయ్యేముందు ఇద్దరికీ తూటాలు నింపేది మెరిట్, తన గరాజులో. రిటైరయ్యేదాకా లేత్ మెషిన్ మీద పనిచేసిన చెయ్యి. కొట్లో అమ్మే తూటాలు గుంపుకి కుట్టిన చొక్కాల్లాంటివని, ఎవరి రైఫిలుకి వాళ్ళ కొలతే ఉండాలని ఆయన నమ్మకం. శనివారం పొద్దున్న ఇద్దరూ గురి చూసుకోవడానికి ఊరి బయట షూటింగ్ మైదానానికి వెళ్ళారు. తొమ్మిదీ నలభైకి హార్లన్ చేతిలో రైఫిలు పగిలింది. తూటాని వెనకనుంచి మూసే బోల్టు ఎగిరివచ్చి కంటి కింద దిగింది. అంబులెన్సు వచ్చేసరికే పోయాడు.

"మెరిట్ గారూ, మొదట్నుంచి చెప్పండి. మంగళవారం?"

"నావి నింపుకున్నా. ఇరవై."

"బుధవారం?"

"వాడివి. ఇరవై. నాలుగింటికి మొదలెట్టి ఆరింటికి లేచా. లేవడమేంటి, ఆ బల్ల దగ్గర నేను కూర్చోను కదా. నడుం పోయినప్పట్నుంచీ నిలబడే పని."

"రెండింటికీ తేడా?"

"పొడవొక్కటే. అదే మందు, అదే గుండు, అదే ఇత్తడి తొడుగు. సెప్టెంబర్లో హార్లన్‌కి పిచ్చి పట్టి రైఫిలు గొంతు, అదే గొట్టం మొదట్లో గుండు ఆనే చోటు, తొలిపించాడు. గుండు ఇంకాస్త ముందుకి కూర్చుంటుంది, వెనక మందుకి కాస్త చోటు దొరుకుతుంది, దుప్పి ఇంకో యాభై గజాల అవతలున్నా పడుతుందని వాడి ఆశ. యాభై గజాలు నడవడానికి బద్ధకమైనవాడికి వేటెందుకురా అన్నా. విన్లేదు. విననివాడికి నింపిపెట్టకుండా ఉండగలనా."

"ఎంత పొడవు?"

"అగ్గిపుల్ల మందం ఎక్కువ. నా రైఫిలు గొంతు పాత కొలతే. వాడి తూటా నా రైఫిల్లో పెడితే బోల్టు బిగుసుకుంటుంది, దాని పిడి కిందికి దిగదు. పొడవు చూసి చీకట్లో కూడా చెప్తా, ఏది ఎవరిదో."

"ఆ పొడవు ఎలా వస్తుంది?"

"డైతో. గుండుని తొడుగులోకి నొక్కే ప్రెస్సు మీద బిగించే ఉక్కు అచ్చు. దాన్ని ఎంత తిప్పితే గుండు అంత లోతు దిగుతుంది. బుధవారం దాన్ని హార్లన్ కొలతకి తిప్పి, మీద టేపు ముక్క అంటించి వాడి పేరు రాశా. టేపు చూడకుండా ప్రెస్సు పిడి లాగకూడదు. అది నా గరాజులో చట్టం."

"గురువారం?"

"కళ్ళ డాక్టరు దగ్గరికి కాస్పర్ పట్నం వెళ్ళా. ఎనిమిదింటికి వెళ్తే రెండయింది తిరిగొచ్చేసరికి. శుక్రవారం గరాజు తలుపే తియ్యలేదు. తూటాల పెట్టెలు రెండూ బల్ల మీదే ఉన్నాయి. శనివారం పొద్దున్న సంచీలో వేసుకుని బయల్దేరా."

"శనివారం తొమ్మిదీ నలభైకి?"

ఆయన చూపు బల్ల మీదికి వాలింది. "కాల్చాడు. పేలింది."

"దానికి ముందు?"

"కాల్చాడు. పేలింది. ఎన్నిసార్లడిగినా అంతే."

మెరిట్ ఓడెగార్డ్ అబద్ధమాడడు. కానీ నిజాన్ని నోట్లో పెట్టుకుని దవడ బిగించగలడు. మా నాన్నా ఇలాంటివాడే, ఇదే గరాజులో ఈయన పక్కన నిలబడి తూటాలు నింపినవాడే. ఏదో ఉంది. చెప్పడు. నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది, ఎందుకంటే మూడింటికి ఇంకా మూడున్నర గంటలు మాత్రమే ఉంది.

వరండాలో సీవర్స్ కాచుకుని ఉన్నాడు. "ఒప్పుకున్నాడా?"

"ఏమని ఒప్పుకోవాలి? మీ కాగితంలో రెండింతల మందు పోశాడని ఉంది. అసలది ఎలా పోస్తారో చూపించండి సార్, నేర్చుకుంటాను."

"చెయ్యి జారుతుంది. ఒకసారి పోసిన తొడుగులో మళ్ళీ పోస్తారు. ఇది అందరూ చేసే తప్పే."

"పిస్తోలు తూటాల్లో చేస్తారు. రండి."

నా సొరుగులో నాన్న తాలూకు ఖాళీ తొడుగొకటి ఉంది, అదే మాగ్నమ్ సైజు, పేపరు ఎగిరిపోకుండా పెట్టుకుంటాను. మీ ల్యాబువాళ్ళు హార్లన్ పెట్టెలో తూటా విప్పి చూస్తే మందు ఎక్కడిదాకా ఉందని రాశారు అని అడిగాను. మెడదాకా అన్నాడు. ఆఫీసు కాఫీ పొడి తీసి తొడుగులో మెడదాకా పోశాను. "ఇది మెరిట్ పోసే ఒక కొలత. ఈ తూటాలకి వాడేది మెల్లగా మండే మందు, ఒక్క కొలతకే తొడుగు నిండిపోతుంది. ఇక రెండోది." అంతే పొడి మళ్ళీ పోశాను. మొత్తం ఆయన ఫైలు మీద, తెల్లటి కఫ్ మీద పడింది.

"కావాలని చేశారు," అన్నాడు చొక్కా దులుపుకుంటూ.

"చెయ్యి జారింది. అందరూ చేసే తప్పే."

పక్క బల్ల దగ్గరి క్లర్కు తల వంచుకుని దగ్గింది. కానీ సీవర్స్ అంత తేలిగ్గా పడే మనిషి కాదు. జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. "అయితే ఇది వినండి ప్రూయిట్ గారూ. అరగంట కిందట ల్యాబు నుంచి వచ్చింది. పగిలిన రైఫిల్లో అంటుకున్న మసి మెల్లగా మండే మందుది కాదు. పిస్తోలు మందుది, భగ్గున మండేది. రెండింతలు కాదు సరే, తప్పు డబ్బా తీశాడు. కాగితంలో ఒక్క ముక్క మార్చుకుంటా. నేరం మారదు."

చెంప మీద కొట్టినట్టయింది. ఆ మందు ఈ తొడుగులో పడితే రైఫిలే పగులుతుందని మా ఊళ్ళో ఎవరికైనా తెలుసు. గబుక్కున అడిగాను, "పెట్టెలో మిగతావి?"

"విప్పిన మూడింట్లోనూ సరైన మందే."

"తప్పు డబ్బా తీసినవాడు ఇరవై తూటాలూ తప్పే నింపుతాడు. ఒక్కటే ఎలా నింపుతాడు?"

"మందు పోసే గొట్టంలో పాతది అడుగున మిగిలిపోయి ఉంటుంది. మొదటి తూటాలోకి అది దిగింది. నేనూ కాస్త చదువుకునే వచ్చాను."

"పోనీ, రైఫిలు తొలిపించడం వల్ల..."

"మీ ఊరి తుపాకుల మరమ్మతు మనిషిని అడిగాను. గొంతు తొలిస్తే లోపల ఒత్తిడి తగ్గుతుందే కానీ పెరగదన్నాడు. అన్ని దార్లూ మూసుకునే మాట్లాడుతున్నాను. మూడింటికి కలుద్దాం. ఈలోగా గరాజు ఛాయలకి వెళ్ళకండి, మీ షెరీఫ్ మాట కూడా అదే."

"భోజనానికి వెళ్తున్నాను సార్. దానికీ మీ అనుమతి కావాలా?"

భోజనం అన్నాను కానీ ఎక్కడ తింటానో చెప్పలేదు. పన్నెండున్నరకి మెరిట్ ఇంటిముందు దిగాను. ఉద్యోగం పోతే పోనీ అనిపించింది. ఇరవై రెండేళ్ళు చేశాను, చాలు.

తలుపు తీసింది ట్రెంట్ బీచర్. మెరిట్ భార్యకి మొదటి పెళ్ళిలో పుట్టిన కొడుకు, నలభై దాటినవాడు. తల్లి పోయాక వెళ్ళిపోయినవాడు, మొన్న వసంతంలో మళ్ళీ వచ్చి వెనకగదిలో ఉంటున్నాడు. పొయ్యి మీద బీన్స్, మాంసం వేసిన చిల్లీ ఉడుకుతోంది, పక్కన పళ్ళెంలో దాల్చినచెక్క రొట్టె. "ఒక గిన్నె తినండి," అన్నాడు మర్యాదగానే.

"తర్వాత. గరాజు ఇంకోసారి చూడాలి."

"మీరే సీలు వేశారు, మీరే తీసుకోండి. మేడమ్, ఆయన్ని సంతకం పెట్టమని చెప్పండి. మీ మాటైతే వింటాడు. ఇంటికొచ్చి పడుంటాడు, నేను చూసుకుంటాను. జైల్లో చలికాలం దాటలేడు."

"నువ్వు గరాజులోకి వెళ్ళలేదా ఈమధ్య?"

"నాలుగేళ్ళయింది. శనివారమే రాసిచ్చాను కదా. ఒకసారి కొలత చూసుకోలేదని ఆ బల్ల దగ్గర్నుంచి గెంటేశాడు, అదీ హార్లన్ ముందు. మళ్ళీ అటు తొంగి చూస్తే ఒట్టు." నవ్వుతూనే అన్నాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ ఇల్లు మీ అమ్మగారిది కదూ?"

"ఇల్లూ, పైన గడ్డిభూమీ. ఆయన బతికున్నంతకాలం ఆయనవి, తర్వాత నావి. అమ్మ అలా రాసింది. అదెందుకు ఇప్పుడు?"

"ఊరికే," అన్నాను.

శనివారం పన్నెండుంబావుకి నేను వేసిన సీలు వేసినట్టే ఉంది. లోపల ఆయన అలవాట్లన్నీ వరుసగా ఉన్నాయి. బల్ల మీద ఒకే ఒక్క మందు డబ్బా. పని చేస్తున్నప్పుడు రెండో డబ్బా బల్ల మీదికి రాకూడదు, మిగతావి గది అవతలి చివర ఇనప బీరువాలో ఉండాలి. బీరువా తెరిచాను. నాలుగు డబ్బాలు, నాలుగూ రైఫిలు మందే. పిస్తోలు మందు లేదు, అసలు పిస్తోలే లేదు ఆయనకి. మందు పోసే గొట్టం గుడ్డ మీద బోర్లించి ఉంది, బుధవారం ఆయన బోర్లించినట్టే. బోర్లించిన గొట్టంలో అడుగు మందు మిగలదు. సీవర్స్ చదివిన పుస్తకంలో ఈ గుడ్డ సంగతి రాసుండదు.

ప్రెస్సు మీద డై లేదు. శనివారం దాన్ని విప్పి సంచీలో వేసింది నేనే. నేను విప్పినప్పుడు దాని మీద ఏ టేపూ లేదు. శుభ్రమైన ఉక్కు. మెరిట్ అంటించానంటున్నాడు. టేపు సంగతి అప్పటికి నాకు తెలీదు కాబట్టి వెతకలేదు. నన్ను నేనే తిట్టుకుంటూ టార్చి తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాను.

బల్ల కింద నేల చీపురుతో ఊడ్చినట్టుంది. ప్రెస్సు ముందర మూడుకాళ్ళ స్టూలొకటి ఉంది. శనివారం దాన్ని చూశాను కానీ పట్టించుకోలేదు. ఇప్పుడు మెరిట్ మాట చెవిలో మోగింది, నేను కూర్చోను కదా అని. స్టూలు ఎత్తాను. ఒక కాలి అడుగున ముడుచుకుపోయిన టేపు ముక్క అంటుకుని ఉంది. జిగురు వైపు నూనె మరక. మీద పెన్సిలుతో రాసిన అక్షరాలు, హార్లన్ అని. డైకి పూసిన నూనెకి టేపు ఊడి రాలింది. రాలిన తర్వాత ఎవరో స్టూలు దగ్గరికి లాక్కుని ప్రెస్సు ముందు కూర్చున్నారు.

ఫొటో తీసి, ముక్కను కవరులో పెట్టి జేబులో వేసుకున్నాను. ట్రెంట్ వంటింట్లోంచి, "ఏమైనా దొరికిందా?" అని కేకేశాడు.

"దుమ్ము," అన్నాను. చిల్లీ తినకుండానే వచ్చేశాను, ఆ వాసనకి కడుపు నకనకలాడుతున్నా.

ఒంటిగంటా యాభైకి సాక్ష్యాల గదిలో ఉన్నాను. కౌంటరు మీద రెండు ప్లాస్టిక్ పెట్టెలు పెట్టించాను. ఒక్కో దానిలో ఇరవై గుంటలు. హార్లన్ పెట్టె సీవర్స్ విప్పించినదే. మెరిట్ పెట్టె ఆయన సంచీలో ఉన్నది ఉన్నట్టు, సీలు కూడా తియ్యలేదు. చచ్చినవాడి తూటాలు చూశారు కానీ బతికున్నవాడివి ఎవరికి కావాలి.

ఇంట్లో తూటాలు నింపుకునేవాళ్ళకో అలవాటుంది. కాల్చిన ఖాళీ తొడుగుని పారెయ్యరు, అది మళ్ళీ నింపాలి. తలకిందులుగా దాని గుంటలోనే పెడతారు. హార్లన్ పెట్టెలో కాల్చనివి పదకొండు, ల్యాబువాళ్ళు విప్పినవి మూడు. తలకిందులుగా ఉన్న ఖాళీలు ఆరు. పదకొండూ మూడూ ఆరూ ఇరవై. ఒక్క గుంట కూడా ఖాళీ లేదు.

మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై. మరి పగిలిన రైఫిల్లో ఇరుక్కున్న తొడుగు? అది ఇరవై ఒకటోది. హార్లన్‌ని చంపిన తూటా హార్లన్ పెట్టెలోది కాదు.

మెరిట్ పెట్టె సీలు నా సంతకంతో విప్పాను. కాల్చనివి పదిహేను. ఖాళీలు నాలుగు. ఒక గుంట వట్టిది.

రెండు గంటల ఇరవైకి సీవర్స్‌ని చొక్కా పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. ఆయన లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు, మూడోసారి పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. "ఇది మీరు ముందే..."

"మీరు కాల్చనివే లెక్కపెట్టారు. ఖాళీలు చెత్త అనుకున్నారు."

"అయినా ఇది ముసలాయన పెట్టెలోంచే వచ్చింది కదా. ఇంకా బిగుసుకుంది ఆయన మెడకి."

"పదండి, ఆయన్నే అడుగుదాం."

మెరిట్ మేము వెళ్ళేసరికి చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. సంతకం కాగితం మడిచి, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టాడు. నేను రెండు పెట్టెల ఫొటోలూ ఆయన ముందు పెట్టాను. వట్టి గుంట మీద వేలు పెట్టాను.

"ఈ తూటా ఎక్కడికెళ్ళింది మెరిట్ గారూ?"

ఫొటోని దగ్గరికి లాక్కుని చూశాడు. తర్వాత తల ఎత్తాడు, కళ్ళనిండా నీళ్ళు, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "నేనే ఇచ్చా. వాడి చేతికి నేనే ఇచ్చా. చాలా?"

"ఎందుకిచ్చారు?"

"ఐదోది పెట్టుకోబోయా. బోల్టు బిగుసుకుంది, దిగలేదు. బయటికి తీసి చూశా. పొడుగ్గా ఉంది. హార్లన్ కొలత. ఇదేంట్రా, నీది నా పెట్టెలోకి వచ్చిందే అన్నా. వాడి పెట్టెలో పెడదామంటే గుంట ఖాళీ లేదు. అప్పుడైనా నా బుర్రకి తట్టాలి, వాడివి ఇరవై నిండుగా ఉంటే ఇది ఇరవై ఒకటోది ఎలా అవుతుందని. తట్టలేదు. పొడవు చూశా, అంతే. మామూలుగా ప్రతి తూటానీ చెవి దగ్గర ఆడిస్తా, తొడుగు నిండని మందు గలగలమంటే తెలిసిపోతుంది. చెవులకి చప్పుడు వినపడకుండా పెట్టుకునే ఆ మఫ్‌లున్నాయి. చోటు లేదు, కాల్చెయ్ రా అన్నా." ఆయన అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నేను నింపలేదని చెప్తున్నా, అది నిజం. ఇచ్చింది నేనేనని చెప్పలేకపోయా. అది చెప్తే ఇంకేం వింటారు మీరు?"

సీవర్స్ పెన్ను తియ్యబోయాడు. నేను ఆయన మణికట్టు పట్టుకుని ఆపాను.

"మీ ఇరవై మంగళవారం నింపారు," అన్నాను. "అప్పుడు డై మీ కొలతలో ఉంది. మీ పెట్టెలో పొడుగు తూటా ఉండే వీల్లేదు. డై హార్లన్ కొలతకి మారింది బుధవారం. అంటే బుధవారం సాయంత్రం తర్వాత, మీరు లేనప్పుడు, ఎవరో మీ పెట్టెలోంచి ఒక తూటా తీశారు. గుండు పీకారు, మందు పారబోశారు, వెంట తెచ్చుకున్న పిస్తోలు మందు పోశారు, మళ్ళీ అదే డైతో గుండు కూర్చోబెట్టి మీ గుంటలోనే పెట్టారు. డై కొలత మారిందని వాళ్ళకి తెలీదు. అందుకే అది పొడుగ్గా వచ్చింది."

"టేపు మీద రాసుందిగా," అన్నాడు మెరిట్. "చదువొచ్చిన ఎవడికైనా తెలుస్తుంది."

కవరు తీసి బల్ల మీద పెట్టాను. "రాలిపోయింది. స్టూలు కాలి కింద దొరికింది. ఆ స్టూలు ప్రెస్సు ముందుంది."

ఆయన టేపుని చూశాడు, నన్ను చూశాడు. నేను చెప్పాల్సిన మాట ఆయనే అన్నాడు.

"నా గుంటలో పెట్టారంటే, అది వాడికోసం కాదు."

"కాదు."

"నాకోసం."

సీవర్స్ పెన్ను మీంచి చెయ్యి తీసేశాడు. ఆ క్షణంలో ఆ మనిషి మీద నాకు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది, ఎందుకంటే నోరు మూసుకున్నాడు. మెరిట్ రెండు చేతులూ బల్ల మీద పరిచి వాటినే చూసుకుంటున్నాడు. కొలత సరిగ్గా ఉండాలన్న పట్టుదల ఆయన్ని బతికించింది. అదే హార్లన్‌ని చంపింది.

రెండూ యాభైకి తలుపు తట్టి ట్రెంట్ లోపలికొచ్చాడు. చేతి మీద మెరిట్ ఉన్నికోటు, ఇంకో చేతిలో ట్రక్కు తాళాలు. "టైమైపోతోందని వచ్చా. పెద్దాయనా, సంతకం పెట్టెయ్. ఇంటికి పోదాం. చిల్లీ వేడిగా ఉంది."

నేను లేవబోయాను. మెరిట్ కళ్ళతోనే కూర్చోమన్నాడు. కవరు మీద తన టోపీ పెట్టి కప్పేశాడు.

"ఒరేయ్ ట్రెంట్," అన్నాడు తాపీగా. "నీకు బల్ల దగ్గర పని నేర్పింది ఎవరురా?"

"అదేం ప్రశ్న ఇప్పుడు? నువ్వే."

"ఏం నేర్పానురా? ఒక్క ముక్కయినా ఎక్కిందా ఆ బుర్రకి? నాలుగేళ్ళ కిందట గెంటేశానంటే ఎందుకు గెంటేశాను, సరదాకా? చేతికి పని రాదు, కంటికి కొలత ఆనదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నువ్వు ముట్టుకుంటే ఏదీ కుదరదు."

"పెద్దాయనా, జనం ముందు మళ్ళీ మొదలెట్టకు." ట్రెంట్ చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

"జనం ముందే అంటాను. హార్లన్ ముందు అనలా? వాడు నవ్వలా? గుడ్డివెధవా, పిడి లాగేముందు టేపు చూడమని వందసార్లు చెప్పా. దాని మీద హార్లన్ అని ఇంత లావున రాసిపెట్టా. అయినా చూడలేదు. కళ్ళెక్కడ పెట్టుకున్నావురా గురువారం?"

"దానికి టేపే లేదు!" అన్నాడు ట్రెంట్. "ఉంటే చూడనా? నాకు ఆ మాత్రం పని తెలీదా? ఉత్త డై ఉంది, ఏ టేపూ..."

అక్కడ ఆగిపోయాడు. తాళాలు చేతిలోంచి జారి నేల మీద పడ్డాయి.

గురువారం ఆ డైని చూసినవాడు ఒక్కడే ఉండాలి, తూటా మార్చినవాడు. గరాజులో అడుగుపెట్టి నాలుగేళ్ళయిందని రాసిచ్చిన కాగితం సీవర్స్ ఫైల్లోనే ఉంది, దాని మీద ఇంకా నా కాఫీ పొడి ఉంది. నేను లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. సీవర్స్ ట్రెంట్ భుజం మీద చెయ్యి వేసి కుర్చీలో కూర్చోబెట్టాడు, తెల్లకాగితం ఒకటి ముందుకి లాక్కున్నాడు.

గడియారంలో మూడు కొట్టడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. మెరిట్ టోపీ ఎత్తి తల మీద పెట్టుకున్నాడు. టేపు ముక్క మీది పేరు కేసి ఒకసారి చూసి, సీవర్స్ ముందుకి చెయ్యి చాచాడు.

"ఆ పెన్ను ఇటివ్వు బాబూ. వాడన్న మాట ఉన్నదున్నట్టు రాయి. సాక్షి అని ఉన్నచోట నేను సంతకం పెడతా."